కృష్ణయ్య నాలుక, నా పంపు

మా కొట్లో "తెలియదు" అనే మాట పనికిరాదని మా నాన్నగారు నాకు పదేళ్ల వయసులోనే చెప్పారు. బేరానికొచ్చినవాడు ఈ కందిపప్పు ఏ ఊరిదని అడిగితే, తెలిస్తే మామూలుగా చెప్పాలి, తెలియకపోతే ఇంకా గట్టిగా చెప్పాలి. అలా పెరిగినవాణ్ని నేను. పేరు రామకోటేశ్వరరావు. జగ్గయ్యపేట బజారులో మాది కిరాణా కొట్టు, దాని వెనక కిరసనాయిలు డిపో. నేను గొంతెత్తితే బజారు అవతలి చివర కుక్కలు లేచి నిలబడతాయని మా ఆవిడ వాసవాంబ అంటుంది. కాస్త ఎక్కువ చేసి చెబుతుంది గానీ, పూర్తిగా అబద్ధమైతే కాదు.

నేను రాయదలచుకున్నది నా గురించి కాదు, కల్లుగీత కృష్ణయ్య గురించి. కానీ కలం పట్టుకున్నప్పటి నుంచీ మధ్యలో నేనే అడ్డమొస్తున్నాను. అతని బతుకులోనూ అలాగే అడ్డమొచ్చాను కాబట్టి సరే, కానివ్వండి.

ఊరు దాటి వత్సవాయి రోడ్డున మైలు దూరం పోతే ఎడంపక్క కృష్ణయ్య తాటాకు పాక ఉండేది. నేను కల్లు ముట్టేవాణ్ని కాదు, మా ఇళ్లలో ఆ మాటే ఎత్తరు. తాటిబెల్లం కోసం వెళ్లేవాణ్ని. వెళ్లినవాణ్ని వెంటనే రావచ్చుగా? రాబుద్ధయ్యేది కాదు. పొద్దున్నే చెట్లమీంచి దింపిన లొట్లు, అంటే మెడ సన్నగా ఉండే చిన్న కుండలు, వరసగా పెట్టుకుని కృష్ణయ్య ఒక్కోదాంట్లోంచి ఒక్కో చుక్క నాలుక మీద వేసుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు. "ఇది వాగుగట్టుది. ఇది దిబ్బమీది రెండోది. ఇది చింతమాను పక్కది, రాత్రి దీనికి చీమలు పట్టినయ్" అనేవాడు. తియ్యటిది ముసలాళ్లకి, ఘాటుది రాళ్ల క్వారీ వాళ్లకి, ఇంకోటి మధ్యాహ్నం దాకా ఆగాలి. అలా విడదీసి, ఎవరికి ఏది సరిపోతుందో చూసి అది పోసేవాడు. నందిగామ కోర్టులో వాయిదాకి వెళ్లి తిరిగొచ్చేవాళ్లు కూడా ఊళ్లో దిగకుండా పాక దగ్గరే బస్సు ఆపించుకుని దిగేవాళ్లు.

ఒకసారి బెల్లం ఇవ్వడానికి కొట్టుకొచ్చి, అక్కడున్న చింతపండు చిటికెడు నోట్లో వేసుకుని, "ఇది రెండు చోట్లదండి షావుకారు గారూ, కలిపారు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా సరుకుని నా కొట్లోనే అంటాడా! కొట్టినంత పని చేశాను. సాయంత్రం ఆ చింతపండు తెచ్చిన కంచికచర్ల మనిషిని నిలదీస్తే నీళ్లు నమిలాడు. నిజమే, కలిపాడు. కృష్ణయ్య నోట్లో ఉన్నది నాలుక కాదు, ఇంకేదో అనుకున్నాను ఆ రోజు.

డెబ్బై అయిదులో, ఎండాకాలం, నడుముకి కట్టిన మోకు జారి కృష్ణయ్య తాటిచెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుంది. ఇక చెట్టెక్కే మాట లేదు. చెట్లు గీసే పని అతని తమ్ముడు నాంచారయ్య అందుకున్నాడు. నేను చూడ్డానికి వెళ్తే కృష్ణయ్య నవ్వాడు. "చెయ్యి పోతే పోయిందండి. నాలుకుందిగా" అన్నాడు.

కానీ నాలుకొక్కటే చాలదు. కల్లుపాకలో పొయ్యడానికి ఒక పద్ధతుంది. లొట్టి మెడ ఒక చేత్తో, అడుగు ఒక చేత్తో పట్టుకుని, గొంతుక్కూర్చున్నవాడి తాటాకు డొప్పలోకి సన్నటి ధార వదలాలి. చెంబుతో ముంచి పోస్తే ఎవడూ తాగడు, చెయ్యి తగిలిన కల్లంటారు. పైగా రుచి చూసినవాడే పొయ్యాలి. ఒకడు చూసి ఇంకొకడు పోస్తే మధ్యలో నీళ్లు కలిశాయంటారు. అంటే పొయ్యలేనివాడు రుచి చూడ్డానికీ పనికిరాడు. చూడ్డానికి పనికిరాకపోతే ఇక ఆ పాకలో కృష్ణయ్యకి పనేముంది?

దసరా ముందు ఒకరోజు నేను వెళ్లేసరికి ఎడంచేత్తో లొట్టి పట్టుకుని పొయ్యబోతున్నాడు. జారింది. అయిదారుగురి ముందు భళ్లుమంది. ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. క్వారీలో రాళ్లెత్తే ఏసురత్నం, అతను రోజూ వచ్చేవాడే, మెల్లిగా అన్నాడు. "పోనీలే మావా. రేపట్నించి తమ్ముణ్ణి పొయ్యమను."

కృష్ణయ్య పెంకులు ఏరుకుంటూ కూర్చున్నాడు. అదిగో, అక్కడ నాకు ఆలోచన తట్టింది. తట్టకుండా ఉంటే ఎంత బాగుండేదో!

కిరసనాయిలు పీపాలోంచి తోడే ఇత్తడి పంపు ఉంటుంది చూశారా. పొడుగ్గా గొట్టం, పైన కాడ. కాడ పట్టుకుని పైకి లాగి కిందికి నొక్కుతుంటే పక్కనున్న ముక్కులోంచి ధార వస్తుంది. ఒక్క చెయ్యి చాలు, ఎడంచెయ్యైనా సరే. పెద్ద బానలో కల్లు పోసి పంపు దింపితే సరి! చెయ్యి తగలదు, లొట్టి ఎత్తక్కర్లేదు, రుచి చూసినవాడే పొయ్యొచ్చు. నా బుర్రే బుర్ర అనుకున్నాను.

"కిరసనాయిలు పంపా అండీ?" అన్నాడు కృష్ణయ్య అనుమానంగా.

"కొత్తది తెప్పిస్తానయ్యా! కిరసనాయిలు మొహం చూడనిది. నా బహుమానం అనుకో."

బెజవాడ నుంచి తెప్పించాను. గడ్డి చుట్టి, కాగితం చుట్టి, దసరాకి రెండు రోజుల ముందు వచ్చింది. విప్పి చూసి వాసవాంబ చేతికిచ్చాను. మా డిపోలో అప్పటికే రెండు పంపులున్నాయి, ఒకటి వాడేది, ఒకటి అవసరానికి గోనెలో చుట్టి అటక మీద పడేసేది.

దసరాకి మా ఇంట్లో ఆయుధపూజ గట్టిగా చేస్తాం. మాకు ఆయుధాలేముంటాయి? తక్కెడ, తూకపురాళ్లు, గరాటు, పంపు. అన్నీ చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి కన్యకాపరమేశ్వరి అమ్మవారి పటం ముందు పెడతాం. ఆ ఏడు పూజలో రెండు పంపులు తళతళలాడుతూ నిలబడి ఉన్నాయి. ఒకటి మనం వాడేది, ఒకటి కొత్తది అనుకున్నాను. హారతి కళ్లకద్దుకుని, రెండిట్లో ఎక్కువ మెరుస్తున్నదాన్ని చంకన పెట్టుకుని వత్సవాయి రోడ్డు పట్టాను.

కార్తీకంలో ఈతకల్లు మొదలైంది. పంపు చూడ్డానికే జనం వచ్చారు. బాన మూతకి కన్నం చేసి పంపు దింపాం. కృష్ణయ్య ఎడంచేత్తో కాడ లాగి నొక్కాడు. బుడబుడ శబ్దం, తర్వాత తెల్లటి నురగ, నురగ వెనక కల్లు! డొప్పలో సగం నురగే. "ఓరి నాయనో, పాలు పితికినట్టుందిరా!" అన్నాడు ఏసురత్నం. అందరూ కేకలు పెట్టారు. నేను మీసం దువ్వుకున్నాను.

మొదటి డొప్ప కృష్ణయ్యే నోట్లో పోసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. నా వంక చూశాడు.

"షావుకారు గారూ... ఇది కొత్తదేనాండి?"

"ఏం?"

"కొంచెం వాసనొస్తందండి. కిరసనాయిలు."

ఎంతమంది ముందు! నేను ఉచితంగా ఇచ్చిన వస్తువుని! నా గొంతు లేచింది. "బెజవాడ నుంచి గడ్డిలో చుట్టుకుని వచ్చిందయ్యా ఇది! నా కళ్లతో విప్పాను! కావాలంటే కన్యకాపరమేశ్వరి అమ్మవారి మీద ఒట్టు, ఇది కిరసనాయిల్లో మునగలేదు. చాలా?"

చాలన్నాడు. అమ్మవారి మీద ఒట్టేశాక చాలదని ఎవరంటారు?

అక్కణ్ణుంచి మొదలైంది గందరగోళం. పొద్దున్నే వచ్చినవాళ్లు వాసనంటారు. మధ్యాహ్నం వచ్చినవాళ్లు వాసనా లేదు, గీసనా లేదంటారు. ఏసురత్నం సోమవారం ఉందన్నాడు, మంగళవారం లేదన్నాడు, బుధవారం "ఉన్నట్టే ఉండి లేదండి" అన్నాడు. అదేం మాట? వాసనంటే ఉండాలి, లేకపోతే లేకుండా ఉండాలి. మధ్యలో ఇంకో రకం ఉంటుందా? ఆ మూడు రోజులూ నేను కొట్టొదిలేసి పాక దగ్గరే కూర్చున్నాను. డొప్ప ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. నాకు రోజంతా డిపోలో ఉండి ఉండి ఒంటినిండా అదే వాసన. డొప్పలోంచి వస్తోందో నా చొక్కాలోంచి వస్తోందో తెలిసి చావలేదు.

ఇలా కాదని పరీక్ష పెట్టాను. ఒకరోజు పది గంటలకి ఒక డొప్పలో పంపు కల్లు, ఒక డొప్పలో లొట్టి నుంచి తిన్నగా పోసిన కల్లు. ఏది వాసనొస్తోందో చెప్పమన్నాను. ఒకడు ఎడమదన్నాడు. ఒకడు కుడిదన్నాడు. ఏసురత్నం రెండూ వస్తున్నాయన్నాడు. నాలుగోవాడు రెండూ తాగేసి, సరిగ్గా తెలీలేదు, ఇంకోసారి పొయ్యమన్నాడు. నేను తల పట్టుకున్నాను.

చివరికి కృష్ణయ్య. కళ్లకి తువ్వాలు కట్టాను. మూడుసార్లు డొప్పలు మార్చి ఇచ్చాను. మూడుసార్లూ పంపు కల్లునే పట్టుకున్నాడు. "ఇదేనండి" అన్నాడు, ప్రతిసారీ ఒకే గొంతుతో.

అక్కడ ఆగిపోయి ఉంటే సరిపోయేది. కానీ నేను ఒట్టు వేసినవాణ్ని. పంపు కొత్తదని నాకు తెలుసు, తెలిసినదాన్ని ఎలా కాదనను? "నురగ ఎక్కువుంటుందిగా! మూతికి తగిలి కనిపెట్టావు. అంతేగానీ వాసన కాదు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు "అవును, షావుకారు గారు చెప్పింది నిజమే" అన్నారు. కృష్ణయ్య తువ్వాలు విప్పుకుని, ఎవరు ఏమన్నారో అర్థం కానివాడిలా అందరి మొహాలూ చూశాడు.

తర్వాత వారానికి అతని భార్య పుల్లమ్మ కిరసనాయిలు కోసం డిపోకి వచ్చింది. సీసా కింద పెట్టి కళ్లొత్తుకుంది. "షావుకారు గారండీ, ఈయనకి ఏదో అయిందండి. మజ్జిగలో కిరసనాయిలంటాడు. అన్నంలో కిరసనాయిలంటాడు. నిన్న మంచినీళ్లు కూడా ఊసేశాడండి."

నిజం చెబుతున్నాను, నా ప్రాణం లేచొచ్చింది. చూశారా! మంచినీళ్లలో కిరసనాయిలు ఎక్కడుంటుంది? తప్పు పంపుది కాదు, నాది కాదు, అతని తలది. చెట్టుమీంచి పడ్డప్పుడు ఏదో నరం దెబ్బతింది. ఆ మాట నేనే పుల్లమ్మకి చెప్పాను. సాయంత్రం వెళ్లి కృష్ణయ్యకీ చెప్పాను. ఈసారి అరవలేదు, చాలా నెమ్మదిగా, చాలా ప్రేమగా చెప్పాను. అది ఇంకా ఘోరం.

"అంతేనంటారా అండి?" అన్నాడు.

"అంతేనయ్యా. పడ్డ దెబ్బ సామాన్యమైందా?"

"నాకు మాత్రం ఉన్నట్టే ఉంటందండి."

"ఉన్నట్టు ఉంటుంది. ఉండదు."

తలూపాడు. మర్నాటి నుంచి రుచి చూడ్డం మానేశాడు. నాంచారయ్య తెచ్చిన లొట్లన్నీ కలగలిపి బానలో పోసేవాడు. తియ్యటిదీ ఘాటుదీ పులిసిందీ ఒకటే. ముసలాళ్లకి కడుపు మండింది, క్వారీ వాళ్లకి చప్పగా ఉంది. జనం పలచబడ్డారు. కిరసనాయిలు అన్నవాళ్లూ వెళ్లిపోయారు, లేదన్నవాళ్లూ వెళ్లిపోయారు. వేసవి రాకముందే పాక తమ్ముడికి అప్పగించి, కృష్ణయ్య పెళ్లాన్ని తీసుకుని నందిగామ వెళ్లిపోయాడు. వెళ్లేముందు పంపు శుభ్రంగా కడిగి తెచ్చి నా అరుగు మీద పెట్టాడు. "మంచి వస్తువండి. నాకే రాసిపెట్టి లేదు" అన్నాడు. నేను దాన్ని తీసుకెళ్లి తిన్నగా కిరసనాయిలు పీపాలో దింపాను.

నందిగామ బస్టాండు బయట, కాలాన్ని బట్టి ముంజలో తేగలో పెట్టుకుని అమ్ముతున్నాడని తెలిసింది. బెజవాడ వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి అప్పుడప్పుడూ కనిపించేవాడు. ఎడంచేత్తో తేగల కట్టలు సర్దుతూ ఉండేవాడు. నన్ను చూస్తే లేచి దణ్ణం పెట్టేవాడు. పాపం, తలకి దెబ్బ తగిలిన మనిషి అని జాలిపడి, నేనూ చెయ్యి ఊపేవాణ్ని.

పదేళ్లు గడిచాయి. ఎనభై ఆరు మాఘమాసంలో ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక ఖాళీ చేయించాం. గోనెలో చుట్టిన స్పేరు పంపు కిందికి దిగింది. ఎలకలు గోనె కొరికాయి, ఇత్తడికి చిలుమెక్కిందేమో చూద్దామని విప్పాను. గోనెలో కాగితం. కాగితంలో గడ్డి. గడ్డిలో పంపు. కాడ లాగితే లోపల తోలు బిళ్ల అప్పడంలా ఎండిపోయి ఉంది. ఒక్క చుక్క ఏదీ తగల్లేదు దానికి, నీళ్లు కూడా.

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. ఇది కొత్తది. మరి కొత్తది కృష్ణయ్యకిచ్చాను కదా? స్పేరు ఏది? రెండు మోకాళ్ల మీద పంపు పెట్టుకుని, మూడు పంపుల్ని మనసులో అటూ ఇటూ మార్చి మార్చి చూసుకుంటూ కూర్చున్నాను. మూడుసార్లు మార్చినా ఒకటే తేలింది.

"ఏమే!" అని కేకేశాను. వాసవాంబ వచ్చింది. "ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"నేనే పెట్టాను. ఆ దసరాకి."

"పూజలో పెట్టలేదూ?"

"కల్లులో ముంచే వస్తువుని అమ్మవారి ముందు ఎలా పెడతానండీ! ఎలా వచ్చిందో అలాగే చుట్టేసి అటక మీద పడేశాను. అటక మీదున్న మన పాతది దించి తోమి పూజలో పెట్టాను."

"మరి నాకు చెప్పొద్దా!"

"మీరడిగారా? హారతి అయీ అవకముందే ఒకటి చంకన పెట్టుకుని పరిగెత్తారు. కల్లుపాక సంగతులు ఇంట్లో ఎత్తొద్దన్నది మీరే. పాతది ఆయనకిచ్చి కొత్తది మనకి దాచారేమో, వ్యాపారం కదా అనుకున్నాను."

పదేళ్లు నా భార్య నా గురించి అలా అనుకుంటూ కాపురం చేసింది. దానికి నాకు కోపం రావాలి కదా, అదీ రాలేదు. నా మనసు వేరేచోట ఉంది. ఇత్తడిని చింతపండు తోమేస్తుంది గానీ తోలు బిళ్ల తాగిన కిరసనాయిలు ఎక్కడికి పోతుంది? రాత్రంతా పంపులో నిలిచిన కల్లుకి అది పట్టేది. పొద్దున మొదటి డొప్పలకి వాసన, పోగా పోగా మధ్యాహ్నానికి ఉండేది కాదు. ఉందన్నవాళ్లూ నిజమే చెప్పారు, లేదన్నవాళ్లూ నిజమే చెప్పారు. అన్ని వేళలా ఉందని చెప్పినవాడు ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ నేను పిచ్చివాణ్ని చేశాను. అమ్మవారి మీద ఒట్టేసి మరీ చేశాను.

మరి మజ్జిగలో, మంచినీళ్లలో? అది మాత్రం ఈరోజుకీ నాకు తెలియదు. ఉన్నదాన్ని లేదు లేదని పదిమంది చెవిలో ఊదితే, మనిషికి లేనిచోట కూడా ఉన్నట్టు తోస్తుందేమో.

మర్నాడు పొద్దున్నే నాంచారయ్య పాకకి వెళ్లాను. "ఒక లొట్టి కల్లు కావాలి. ఒక్క చెట్టుదే కావాలి" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. పుట్టి చుక్క ముట్టని షావుకారు మరి! "వాగుగట్టు తాటిదండి, ఇప్పుడే దించాను" అని తెచ్చి లొట్టి మూతికి ఆకు కుక్కి ఇచ్చాడు. సంచిలో పెట్టుకుని నందిగామ బస్సెక్కాను.

ఆ ప్రయాణం పగవాడికి కూడా వద్దు. గుంటల్లో బస్సు ఎగిరినప్పుడల్లా లొట్టి పొంగింది. సంచి తడిసింది, పంచె తడిసింది. "పెద్దాయనా, సంచిలో ఏంటది?" అన్నాడు కండక్టరు. "మంచినూనె" అన్నాను గట్టిగా. వెనక సీట్లో ముసలమ్మ, "నూనె గాదు నాయనా, కల్లు వాసనొస్తంది" అంది. ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగి, నా నుదుటి బొట్టు చూసి, తడిసిన పంచె చూసి నవ్వు ఆపుకున్నారు. "నూనేనంటే వినరే!" అని అరిచాను. అరిచాక నా మాట నాకే వినబడింది. ఆ బస్సులో ఒక్కరి ముక్కూ అబద్ధం చెప్పడం లేదు.

కృష్ణయ్య బస్టాండు బయట గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడిపోయింది. పుల్లమ్మ తేగలు కట్టలు కడుతోంది. నేను ఆ పట్టా మీదే కూలబడ్డాను. ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను గానీ ఒక్క ముక్క గుర్తు రాలేదు. "అది పాతదే కృష్ణయ్యా" అన్నాను. "పంపు. నేనిచ్చింది కిరసనాయిలు పంపే. నిన్న తెలిసింది. నువ్వు చెప్పింది నిజం. మొదటి రోజు నుంచీ నిజం."

పుల్లమ్మ చేతిలో కట్ట కింద పడేసింది. "పదేళ్లండీ! ఈయన మెదడు పాడైందని నేను మొక్కని దేవుడు లేడండీ! ఏదన్నా బాగాలేదంటే నీకేం తెలుసు, నోర్ముయ్యి అన్నానండీ ఈయన్ని! మీరు చెప్పారనేనండీ!" అని ఏడ్చింది. తిట్టమ్మా, ఇంకా తిట్టు అనిపించింది నాకు.

కృష్ణయ్య తిట్టలేదు. "నేను నా నాలుకని కాదని మీ మాట నమ్మానండి" అన్నాడు. కోపంగా కాదు, జరిగింది చెప్పినట్టు చెప్పాడు. నేను తల దించుకున్నాను.

లొట్టి బయటికి తీశాను. "వాసన చూడు. రుచి చూడు. ఏ చెట్టుదో చెప్పు."

"నావల్ల కాదండి. పదేళ్లయింది."

"చూడవయ్యా."

తాటాకు చిన్న డొప్పగా మడిచాడు. పుల్లమ్మ పోసింది. గుక్కెడు నోట్లో పట్టి కళ్లు మూసుకున్నాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, కండక్టర్లు ఊళ్ల పేర్లు అరుస్తున్నారు. మింగాడు. కళ్లల్లో భయం.

"ఏమీ తెలవడం లేదండి. మీరే చెప్పండి షావుకారు గారూ. ఏ చెట్టుదండి? మీరు ఏదంటే అదేనండి. మీ మాట నమ్ముతా."

వాగుగట్టుది! ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. ఇంకొక్క క్షణం ఆగితే అనేసేవాణ్ని. యాభై ఏళ్ల అలవాటు.

"నాకు తెలియదు కృష్ణయ్యా" అన్నాను.

అతను వింతగా చూశాడు. నేను ఆ మాట అనగా ఎప్పుడూ వినలేదు మరి. నేనూ వినలేదు. మళ్లీ డొప్ప చాపాడు. ఈసారి మింగలేదు. నోట్లో అటూ ఇటూ తిప్పాడు. తల కొంచెం పక్కకి వాల్చాడు, పాత రోజుల్లోలాగా. ఎడంచెయ్యి గాల్లో ఆగింది.

"వాగుగట్టుదండి" అన్నాడు మెల్లిగా. "కానీ..." మొహం ముడుచుకుపోయింది. "ఉత్త వాగుగట్టుది కాదండి. ఒకటి కాదు, రెండు. దిబ్బమీది కలిసింది ఇందులో. అది కొంచెం వగరు. చివర్లో తగులుతుంది."

ఉస్సురనిపించింది. ఒక్క చెట్టుదేనని అడిగి మరీ తెచ్చాను. నాంచారయ్య స్వయంగా చెప్పాడు. పోయింది, నిజంగానే పోయింది ఇతని నాలుక, నేనే పోగొట్టాను అనుకున్నాను. "కాదయ్యా, ఒక్క చెట్టే" అనబోయి, పళ్లతో నాలుక కరుచుకున్నాను. లేచి తిరుగు బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే కృష్ణయ్య ఇంకా ఖాళీ డొప్ప పట్టుకుని కూర్చున్నాడు. అన్నది తప్పో ఒప్పో చెప్పకుండానే వచ్చేశాను.

జగ్గయ్యపేటలో దిగి ఇంటికి కూడా పోకుండా పాకకి వెళ్లాను. నాంచారయ్య కత్తి నూరుకుంటున్నాడు. "పొద్దున నాకిచ్చింది వాగుగట్టుదేనా?"

"ఆ, అదేనండి."

"అమ్మవారి సాక్షిగా చెప్పు. అదొక్కటేనా?"

కత్తి పక్కన పెట్టి తల గోక్కున్నాడు. "లొట్టి నిండలేదండి. షావుకారు గారికి వెలితిగా ఇస్తే బాగోదని పైన కాస్త దిబ్బమీది పోశాను. గిద్దెడు కూడా ఉండదండి. మీకెవరు చెప్పారు?"

నేను రోడ్డు మీదకి పరిగెత్తాను. అరవై దగ్గరపడిన మనిషిని, ఒళ్లంతా కల్లు కంపు, చేతిలో తడి సంచి. దూరంగా బస్సు వస్తోంది. రోడ్డుకడ్డంగా నిలబడి రెండు చేతులూ ఎత్తాను. పొద్దుటి కండక్టరే. "మళ్లీ ఏంది పెద్దాయనా, నూనె మర్చిపోయారా?" అన్నాడు.

"నూనె కాదయ్యా, కల్లు. నందిగామకి ఒక టికెట్టివ్వు" అన్నాను.